టీ రంగు గుడ్లు

అక్టోబరు 5, ఆదివారం

ఈ రోజు కూడా గుడ్లు లేవు.

ఈ డైరీ జనవరిలో అద్దాల కంపెనీవాళ్ళు మా దుకాణానికి ఇచ్చింది. ఇన్ని నెలలూ సొరుగులో ఖాళీగా పడి ఉంది. నేను రాసే మనిషిని కాను. దుకాణం వెనక గదిలో కూర్చుని రోజంతా కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. అక్కడ జరిగినది సాయంత్రం ఇంటికొచ్చి నా భార్యతో చెప్పేవాణ్ణి, అంతటితో ఆ రోజు పూర్తయ్యేది. ఆగస్టు చివర ఆసుపత్రి నుంచి నేనూ అత్తయ్యగారూ ఇద్దరమే తిరిగొచ్చాం. అప్పటి నుంచి చెప్పడానికి మనిషి లేదు. చెప్పవలసింది కూడా పెద్దగా ఏమీ జరగడం లేదు.

కోళ్ళు తనవి. అయిదు పెట్టలు, ఒక పుంజు. వీటికి ఒళ్ళంతా ఈకల బదులు దూదిలాంటి నూగు ఉంటుంది, కాళ్ళ మీద కూడా. అందుకని దూదికోళ్ళు అనేది. ఎగరలేవు. ఎవరు ఎత్తుకున్నా ఊరుకుంటాయి. వాన పడితే లోపలికి పోవాలన్న తెలివి కూడా లేదు, ఉన్నచోటే నిలబడి తడుస్తాయి. గుడ్లు చిన్నవి, పాలల్లో చుక్క టీ పోసిన రంగు. కొన్నాళ్ళు వరసగా పెట్టి, ఒక రోజు ఇంక చాలన్నట్టు పొదుగుకి కూర్చుంటాయి. కింద గుడ్డున్నా లేకపోయినా వాటికి ఒకటే. తెల్ల పెట్ట ఒకటుంది, దాని పేరు పెద్దమ్మ. అది ఒకసారి సబ్బుబిళ్ళ మీద వారం రోజులు కూర్చుంది. తను నవ్వి నవ్వి గుమ్మంలో కూలబడింది.

ఇంతకన్నా నాకు కోళ్ళ సంగతి తెలియదు. గుడ్డు కంచంలోకి వచ్చాకే నాకు పరిచయం.

తను చూసుకునే రోజుల్లో పొద్దున్నే రెండో మూడో ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పెరడంతా నూగు రాలి ఉంటోంది. పిల్లి వస్తోందేమో.

అక్టోబరు 6

గుడ్లు లేవు. దుకాణంలో పని మామూలే.

అక్టోబరు 7

బావమరిది ఫోన్ చేశాడు. వేరే ఊళ్ళో కుర్చీలూ బల్లలూ చేసి అమ్ముతాడు. మంచివాడు, నిదానస్తుడు. పందొమ్మిదిన ఆదివారం వచ్చి అమ్మని తీసుకెళ్తానన్నాడు. అల్లుడి ఇంట్లో ఆవిడ ఇంకెన్నాళ్ళుంటుంది, నీకూ ఇబ్బంది, ఆవిడకీ ఇబ్బంది అన్నాడు. సరే అన్నాను. ఇంకేమంటాను? అత్తయ్యగారు ఆరేళ్ళ కిందట వచ్చింది కూతురి ఇంటికి. ఇప్పుడిది నా ఒక్కడి ఇల్లు.

నాకేం ఫరవాలేదు. ఒక్కడికి వండుకోవడం ఏమంత పని కాదు.

ఈ ఆరేళ్ళలో మేమిద్దరం ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఇద్దరమూ నోట్లో నాలుక లేనివాళ్ళమే. ఆవిడకి కావలసింది కూతురితో అనేవారు, తను నాతో అనేది. నా జవాబు కూడా అదే దారిన వెనక్కి వెళ్ళేది. ఇప్పుడు మధ్యలో మనిషి లేదు కనక ఆవిడ కోళ్ళతో చెప్తున్నారు. ఇంట్లో పంచదార నిండుకున్నా ఎవరికీ పట్టదు అని పుంజుతో అంటారు. నేను సాయంత్రం పంచదార తెస్తాను.

ఈ రోజు గూడు ముందు కూర్చుని పెద్దమ్మతో అన్నారు, "అది పోయిందని మీక్కూడా తెలిసిపోయినట్టుంది. గుడ్లు మానేశారు. మానేయండి, ఎవరి కోసం పెట్టాలి ఇంక."

నాకు ఆ మాట వినబుద్ధి కాలేదు. లోపలికెళ్ళి రేడియో పెట్టాను. ఆవిడ భోజనం చేయలేదు. నిన్న కూడా చేయలేదనుకుంటాను, గిన్నెలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

అక్టోబరు 8

మధ్యాహ్నం దుకాణం నుంచి బయటికెళ్ళి గుడ్లు కొన్నాను. కొట్టువాడు పెద్దవి ఏరి ఇస్తుంటే వద్దని చెప్పి చిన్నవి ఏరుకున్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

తెచ్చి వెనక గదిలో టీ గ్లాసులో ముంచాను. మొదటిది మరీ ముదురు రంగు తేలింది, ఇటుక ముక్కలా ఉంది. రెండోదానికి టీ పల్చన చేసి, తీసి, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాను. రంగు కుదిరింది. ఏ పనైనా శ్రద్ధగా చేస్తే కుదురుతుంది.

దుకాణం పెద్దాయన ఎప్పుడొచ్చాడో తెలియదు, వెనక నిలబడి చూస్తున్నాడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళని చాలామందిని చూశానయ్యా. రంగులేసేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అన్నాడు. ఆయన అంతకన్నా ఏమీ అడగలేదు. ఆగస్టు నుంచీ నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు.

అక్టోబరు 9

పొద్దున్నే రెండు గుడ్లు గూట్లో పెట్టి వచ్చి స్నానానికి వెళ్ళాను. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. రెండు చేతుల్లోనూ చెరొక గుడ్డు. వాటిని చాలాసేపు చూశారు. ఆ తర్వాత నా వంక చూశారు.

"పెట్టాయి" అన్నారు.

కోళ్ళతో కాదు, నాతోనే అన్నారు. నేను తల ఊపాను.

ఆవిడకి వయసు మీద పడింది, దగ్గరవి సరిగా ఆనవు. అందుకే ధైర్యం చేశాను. ఈ రోజు భోజనం చేశారు. పెరుగు కూడా వేసుకున్నారు. నాకేమైనా సంతోషం కలిగిందా అని చూసుకున్నాను. పన్ను పీకించుకునే ముందు మందు ఇస్తారే, అలా ఉంది. ఉన్నదో లేదో తెలియలేదు.

అక్టోబరు 11

మళ్ళీ రెండు పెట్టాను. ఆవిడ వాటిని వండటం లేదు. మెత్తటి పాతగుడ్డ పరిచిన గిన్నెలో దాస్తున్నారు. ఎందుకో అడగలేదు.

అక్టోబరు 12

ఆవిడ కళ్ళజోడు కాడ వదులైందని బల్ల మీద పెట్టారు. మర బిగించి ఇచ్చాను. అద్దాల మీద ఒక్క గీత కూడా లేదు. జాగ్రత్త మనిషి.

అక్టోబరు 13

ఇంకో రెండు.

అక్టోబరు 14, మంగళవారం

పెద్దమ్మ పొదుగుకి కూర్చుంది. ఒళ్ళంతా నేల మీద గుడ్డ పరిచినట్టు పరుచుకుని, దగ్గరికెళ్తే గొంతులోంచి గుర్రుమంటోంది. మామూలుగా సాధువు లాంటి కోడి. పొదుగు రోజుల్లో మాత్రం ఇంటికి పెద్ద కోడలినన్నంత అధికారం చేస్తుంది.

సాయంత్రం నేను వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉంది. ఆరు గుడ్లూ పెద్దమ్మ కిందకి వెళ్ళిపోయాయి.

నేను చెప్పులు విప్పుతుండగా ఆవిడ కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఈ ఆదివారం రావద్దురా అన్నారు. "కోడిని పొదగేశాను. దాన్ని వదిలి ఎలా వస్తాను? పిల్లలు లేచాక వస్తాను." మూడు వారాలే కదా, అప్పుడు తానే ఫోన్ చేస్తానన్నారు.

అవి కొన్న గుడ్లు. పుంజు లేని చోట, కోళ్ళ ఫారాల్లో పెట్టినవి. మూడు వారాలు కాదు, మూడేళ్ళు కూర్చున్నా వాటిలోంచి పిల్ల రాదు. ఆ పాటి నాకూ తెలుసు.

చెప్పాలి.

అక్టోబరు 15

రేపు చెప్తాను.

అక్టోబరు 16

చెప్పలేదు. దుకాణంలో ఒకావిడకి రెండు కళ్ళ అద్దాలూ తారుమారు చేసి బిగించాను. ఆవిడ పెట్టుకుని మెట్టు దిగబోయి గోడ పట్టుకుంది. పెద్దాయన ఏమీ అనలేదు. తిడితే బాగుండేది.

అక్టోబరు 19, ఆదివారం

బావమరిది రావలసిన రోజు ఇది. రాలేదు.

ఎండ పడుతోందని కుర్చీ పెరట్లో వేసుకున్నాను. అత్తయ్యగారు గూడు పక్కన పీట వేసుకుని నూకలు బాగుచేస్తున్నారు. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టారు. పుంజుతో మొదలుపెట్టి మధ్యలో ఎక్కడో నా వైపు తిరిగారు. తను చిన్నప్పుడు గుడ్డు పొదగాలని పట్టుపట్టి దిండు కింద గుడ్డు పెట్టుకుని పడుకుందట. బడికి కూడా వెళ్ళనని మొండికేసిందట. అత్తయ్యగారు, నేను కూర్చుంటాలే అని మాటిచ్చి పంపించి, సాయంత్రం వరకూ ఆ మంచం మీదే కూర్చోవలసి వచ్చిందట. తను బడి నుంచి వచ్చి పరుపు మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో చూసిందట. ఈ సంగతి తను నాకెప్పుడూ చెప్పలేదు. పద్నాలుగేళ్ళ కాపురంలో చెప్పనివి ఇంకా ఎన్ని ఉన్నాయో.

నేనూ ఒకటి చెప్పాను. సినిమాహాల్లో తను నిద్రపోయి, ఆట అయ్యాక లేచి, కథంతా నాకే చెప్పిన సంగతి. ఆవిడ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు.

చెప్పలేదు. ఆదివారం పూట ఎందుకులే అనుకున్నాను.

అక్టోబరు 22

పొద్దున్న పెద్దమ్మ కింద నుంచి ఒక గుడ్డు తీసి చొక్కా లోపల పెట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళాను. పొడిచింది. చేతి మీద చిన్న గాటు పడింది.

అద్దంలో గీతలు చూసే దీపం ముందు గుడ్డు పట్టుకున్నాను. వారం దాటిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్ళలా కనబడాలట. ఏమీ లేదు. లోపలంతా ఒకటే వెలుగు. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. కొన్న గుడ్డులో నరాలెక్కడి నుంచి వస్తాయి? అయినా సాయంత్రం దాకా ఇంకో రెండుసార్లు చూసి, ఇంటికి తెచ్చి మళ్ళీ పెద్దమ్మ కింద పెట్టాను.

అక్టోబరు 24

ఇప్పుడు ఆవిడ నాతో నేరుగానే మాట్లాడుతున్నారు. సాయంత్రం టీ రెండు గ్లాసుల్లో పోసి బల్లకి ఆ పక్క కూర్చుంటారు. దుకాణంలో ఏం జరిగిందని అడుగుతారు. తారుమారైన అద్దాల సంగతి చెప్తే, పాపం ఆవిడకి రెండు ప్రపంచాలు కనబడి ఉంటాయన్నారు. తను కూడా సరిగ్గా అలాంటి మాటే అనేది. గొంతు కూడా కొంచెం అదే. ఇన్నాళ్ళూ గమనించలేదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవారు కదా.

ఇంటికి త్వరగా వస్తున్నాను. దుకాణంలో పని తగ్గింది.

అక్టోబరు 26

దుకాణంలో పని తగ్గలేదు. నేనే ముందు లేచి వచ్చేస్తున్నాను.

అక్టోబరు 29

మింగలేను, కక్కలేను. చెప్తే ఆవిడ ఈ ఆదివారమే వెళ్ళిపోతారు. పైగా నన్ను ఏమనుకుంటారు? ముసలావిడని గుడ్లకి రంగేసి మోసం చేశాడనుకుంటారు. చెప్పకపోతే వచ్చే మంగళవారం ఆ గుడ్ల ముందు కూర్చుంటారు. బుధవారం కూడా కూర్చుంటారు. కూతురి మంచం పక్కన కూర్చున్నట్టే కూర్చుంటారు, ఇంకో పూట చూద్దాం, ఇంకో పూట చూద్దాం అనుకుంటూ. ఆ ముఖం నేను ఒకసారి చూశాను. మళ్ళీ చూడలేను.

నవంబరు 1

ఆలోచించాను. పిల్లలు లేవాలి. లేస్తే ఆవిడ ఇచ్చిన మాట ప్రకారం సంతోషంగా వెళ్తారు. నేనూ తేలిక పడతాను. వెళ్ళవలసిన మనిషిని ఎన్నాళ్ళు ఉంచుకుంటాం?

నవంబరు 3

కోళ్ళ దాణా అమ్మే దుకాణంలో ఆ రోజే లేచిన పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారు. నాలుగు తీసుకున్నాను. పసుపుపచ్చగా, నిమ్మకాయలంత ఉన్నాయి. దుకాణంలో నా బల్ల మీద దీపం కింద పెట్టాను. రోజంతా కిచకిచ. పెద్దాయన వచ్చి చూసి, "ఆ రంగుల గుడ్లే కదూ? పిల్లలు కూడా లేచాయన్నమాట" అన్నాడు. అవునన్నాను. ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి తెచ్చి పెట్టెని మంచం పక్కన దాచాను. తువ్వాలు కప్పితే ఊరుకున్నాయి.

నవంబరు 4, మంగళవారం

తెల్లవారుతుండగా పెరట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ గుర్రుమంది గానీ పొడవలేదు. ఒక్కొక్క గుడ్డూ తీసి, ఒక్కొక్క పిల్లనీ కిందకి తోశాను. అది తల వంచి చూసి, గొంతులో చిన్నగా టకటకమని, రెక్క ఎత్తి సర్దుకుంది. ఈ జాతికి తనా పరా లేదు. సబ్బుబిళ్ళని నమ్మిన కోడి పిల్లల్ని నమ్మదా?

గుడ్లు కాగితంలో చుట్టి దుకాణానికి వెళ్ళే దారిలో చెత్తకుండీలో వేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి టీ లేదు. అత్తయ్యగారు గదిలో బట్టలు మడత పెడుతున్నారు. పిల్లలు లేచాయా అని అడిగాను. లేచాయి అన్నారు, తల ఎత్తలేదు. కొడుక్కి ఫోన్ చేశానని, ఆదివారం వస్తున్నాడని చెప్పారు. మంచిదన్నాను.

అనుకున్నట్టే జరిగింది.

నవంబరు 5

ఆవిడ మళ్ళీ కోళ్ళతో మాట్లాడుతున్నారు. ఉప్పు నిండుకుందట. తెచ్చాను.

నవంబరు 6

భోజనం అయ్యాక ఆవిడ వచ్చి బల్లకి ఆ పక్క కుర్చీలో కూర్చున్నారు.

"బాబూ, ఒకటి అడుగుతాను. నేను వెళ్ళాలని మీకుంటే నోరు తెరిచి చెప్పొచ్చు కదా. ఆ పసివాటిని ఎక్కణ్ణించో మోసుకొచ్చి కోడి కింద పెట్టడం ఎందుకు?"

మీకెలా తెలిసిందన్నాను.

దూదికోడి పిల్లకి కాలికి అయిదు వేళ్ళుంటాయట. మిగతా కోళ్ళకి నాలుగే. మొదటిసారి ఈ పెరట్లో పిల్లలు లేచినప్పుడు తను ప్రతి పిల్ల కాలూ పట్టుకుని లెక్కపెట్టిందట, పక్కన కూర్చున్నది అత్తయ్యగారే. మంగళవారం పొద్దున ఆవిడ కూడా లెక్కపెట్టారు. నాలుగు.

గుడ్ల సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"మొదటి రోజే. ఈకలు రాల్చే రోజుల్లో ఏ కోడీ గుడ్డు పెట్టదు. ఏటా ఈ రోజుల్లో మానేస్తాయి, మళ్ళీ కొత్త ఈకలొచ్చాక పెడతాయి. పైగా తడిచేత్తో పట్టుకుంటే రంగంటింది. ఈ కళ్ళజోడు మీరు చేసిందే కదా బాబూ, నాకు బాగానే కనబడుతుంది."

నిరుడు నేనే చేశాను. దగ్గరికీ దూరానికీ కలిపి, ఎంతో జాగ్రత్తగా చేశాను. పెట్టుకోగానే సూదిలో దారం ఎక్కించి చూపించారు. అదంతా నాకు తెలుసు.

"మరి ఏటా మానేస్తాయని తెలిసి కూడా ఆ రోజు కోడితో అలా అన్నారే" అన్నాను.

"ఆ రోజు అలా అనాలనిపించింది" అన్నారు.

"తెలిసి ఎందుకు పొదగేశారు?"

"కొన్న గుడ్లు లేవవు కనక." గొంతు ఏమీ మారలేదు. "పిల్లలు లేచాక వస్తానని వాడితో అన్నాను. అవి లేవవని మీకు తెలుసు, నాకు తెలుసు. మీరు నోరు మెదపలేదు. ఉండనిస్తున్నారనుకున్నాను. రోజూ త్వరగా వచ్చి టీ తాగుతుంటే, ఉండమంటున్నారనే అనుకున్నాను. పిల్లల్ని చూశాక అర్థమైంది. తప్పు నాదే, మీకేం పట్టింది నన్ను మోయడానికి."

లేచి లోపలికి వెళ్ళారు. అది కాదు అత్తయ్యగారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు చెప్పవలసింది ఉంటే తనతో చెప్పేవాణ్ణి, తను ఆవిడతో చెప్పేది. అలా కాకుండా ఎలా చెప్తారో నాకు తెలియదు.

నవంబరు 7

ఆవిడ చేసినట్టే కోళ్ళతో చెప్దామని పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో ఉన్నారు, కిటికీ తెరిచే ఉంది. పుంజు నా వంక చూసింది. అయిదు నిమిషాలు నిలబడి దాణా వేసి వచ్చేశాను.

నవంబరు 8

పెట్టె సర్దడం అయిపోయింది. కూతురివి రెండు చీరలు తీసుకెళ్తానని కోళ్ళతో అన్నారు. తీసుకోండి అని కిటికీతో అన్నాను.

నవంబరు 9, ఆదివారం

బావమరిది పొద్దున పది గంటలకి వచ్చాడు. వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. ముందు గదిలో కూర్చుని నీళ్ళు తాగి, కోళ్ళనేం చేస్తావు బావా అన్నాడు. ఏదో చేస్తానన్నాను. దుకాణం ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను. అత్తయ్యగారు చెప్పులు వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డారు. నా వంక చూడలేదు.

పెట్టె ఒక పక్క వాడు పట్టుకున్నాడు, ఒక పక్క నేను పట్టుకున్నాను. బరువేమీ లేదు. ఆరేళ్ళున్న మనిషి పెట్టె అంత తేలిగ్గా ఉండటం నాకు నచ్చలేదు. గుమ్మం దాకా వెళ్ళాక నేను నా వైపు దించేశాను. వాడు చెయ్యి జారిందేమోనని ఆగాడు.

"ఆవిడ ఇక్కడే ఉంటారు" అన్నాను.

వాడు ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నిదానంగా, నా మంచికే చెప్తున్నట్టు అన్నాడు, "అక్క లేకుండా అమ్మ ఇక్కడ ఏ వరసన ఉంటుంది బావా?"

"మీ అక్క పోయింది" అన్నాను. "పోయింది, నిజమే. కానీ మీ అమ్మ నాకు అత్తయ్యగారు కావడం పోలేదు."

మీ అక్క పోయింది. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు కూడా అనలేదు. దుకాణంలో అనలేదు. ఇన్నాళ్ళూ ఈ డైరీలో కూడా నా మాటగా రాయలేదు. అన్నాక పెట్టె మీదే కూర్చున్నాను.

ఆవిడ వైపు తిరిగి చెప్పాను. మాటలు సరిగా వచ్చాయో లేదో తెలియదు. పిల్లల్ని తెచ్చింది మిమ్మల్ని పంపడానికి కాదు, ఆ గుడ్ల ముందు మీరు ఊరికే ఎదురుచూస్తుంటే చూడలేకే తెచ్చానన్నాను. మీరు వెళ్తే ఈ ఇంట్లో తన గురించి మాట్లాడేవాళ్ళుండరన్నాను. "ఉండండి అత్తయ్యగారూ. నాకోసం ఉండండి. అడుగుతున్నాను." ఇది బాగా గుర్తుంది.

ఆ తర్వాత ఏడ్చాను. ముఖం కప్పుకోవడానికి చేతులు లేస్తే కదా. వీధి తలుపు తెరిచే ఉంది, వ్యాను డ్రైవరు అటు తిరిగి నిలబడ్డాడు. తను పోయింది, తను పోయింది అని పిచ్చివాడిలా అంటూనే ఉన్నాను. బావమరిది కంగారుపడి నా భుజం పట్టుకుని, ఊరుకో బావా, ఊరుకో, నీళ్ళు తెమ్మంటావా అని లేపబోయాడు.

అత్తయ్యగారు చెప్పులు విప్పేశారు. వచ్చి కొడుకు చెయ్యి నా భుజం మీద నుంచి తీసేసి, పెట్టె మీద నా పక్కన కూర్చున్నారు.

"ఏడవనివ్వరా ఆయన్ని" అన్నారు. "అది పోయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఈ మనిషి ఎప్పుడు ఏడుస్తాడా అని. నా కూతురి కోసం ఏడవడానికి నాకు ఇంకెవరున్నారు."